అరచేతి మీద మూడు మాటలు

నేను ఆగిరిపల్లి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. కాగితాల మీద ఏం రాసినా పిల్లలకి మాత్రం డ్రిల్ మేడమ్‌నే. ఇంట్లో మా ఆయన, నేను, మావయ్యగారు ఉంటాం. మా ఆయనకి ఆటలు పట్టవు. మావయ్యగారికి అవే ప్రాణం. కుర్రతనంలో వాలీబాల్ ఆడారు, తర్వాత చాలా ఏళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ టోర్నమెంట్లకి అంపైరుగా వెళ్ళారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, కోడలు ఖోఖోలో రాష్ట్రానికి ఆడిందని తెలిసి, వంటింటి గుమ్మంలో నిలబడి పోల్ దగ్గర డైవ్ ఎలా వేస్తారో గంటసేపు అడిగి తెలుసుకున్నారు. అత్తవారింట్లో నాకు మొదట దొరికిన స్నేహితుడు ఆయనే.

జావెలిన్ విసిరే మా పిల్లని కనిపెట్టింది కూడా మేమిద్దరమూ కలిసే. ఆ పిల్ల తల్లిదండ్రులు మా మామిడితోటలో పనిచేస్తారు. తండ్రి చెట్టెక్కి కాయ కోస్తాడు. తల్లి కింద కూర్చుని సొన తుడిచి కాయల్ని ట్రేల్లో పేరుస్తుంది. అప్పటికి పిల్ల నా స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఒక ఆదివారం పొద్దున చిన్న రసాల కోత జరుగుతుంటే తండ్రి చేతిలోని చిక్కం విరిగింది. చిక్కం అంటే చివర వల కట్టిన పొడవాటి వెదురు గెడ. వేరే గెడ ఒకటి దూరంగా ఇంకో సాలులో ఉంది, తెమ్మని కేకేశాడు. పిల్లకి నడవడానికి బద్ధకం వేసినట్టుంది, అక్కడే నిలబడి గెడ విసిరింది. అది చెట్ల మధ్య సందులోంచి ఒక్క కొమ్మకీ తగలకుండా తిన్నగా వచ్చి తండ్రి ఎక్కిన చెట్టు మొదట్లో గుచ్చుకుంది.

"ఎవరికన్నా తగిలితేనో, ఒళ్ళు తెలీదా నీకు?" అని తల్లి తిట్టింది.

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నారు.

"అమ్మాయ్, దాన్ని మళ్ళీ వెయ్యమను," అన్నారు.

మొదటి ఈటె మావయ్యగారే చేశారు. ముదురు వెదురు ఏరి, కణుపులు చెక్కి, ముందువైపు ఇనప మొన వేయించి, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు చుట్టారు. నేను స్కూలు పుస్తకాలు తిరగేసి, ఫోన్లో వీడియోలు చూసి, అడుగులు ఎలా వెయ్యాలో నేర్చుకుని పిల్లకి నేర్పాను. ఏడాది తిరిగేసరికి జిల్లాకి ఆడింది. ఆ తర్వాత స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వచ్చింది, ఇంకొన్నేళ్ళకి జాతీయ క్యాంపుకి పిలుపు వచ్చింది. సెలవులకి వచ్చినప్పుడల్లా ముందు మా ఇంటికొచ్చి మావయ్యగారి ఎదుట నిలబడేది. ఆయన పిల్ల భుజం ఎముక నొక్కి చూసి, "అన్నం సరిగ్గా పెడుతున్నారా అక్కడ?" అని అడిగేవారు. ఎప్పుడూ అదే ప్రశ్న. పిల్ల కూడా ఎప్పుడూ, "పెడుతున్నారండీ, మన గోంగూరే లేదు," అనేది.

పిల్లకి పంతొమ్మిదేళ్ళప్పుడు ఆసియా దేశాల జూనియర్ పోటీలకి సెలెక్ట్ అయింది. మొదటిసారి విమానం ఎక్కబోతోంది. నూజివీడు సెంటర్లో ఎవరో ఉత్సాహవంతులు దాని ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తల్లి ఆటోలో వెళ్ళి చూసి వచ్చింది. "మా పిల్లేనా అనిపించిందండీ. మరీ తెల్లగా చేసేశారు," అంది నవ్వుతూ.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు, పొద్దున కాఫీ కలుపుతుంటే పిల్ల ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేక స్పీకర్లో పెట్టాను.

"మేడం, ఒక విషయం అడగాలి. మీరు కోప్పడకూడదు."

"ముందు చెప్పు."

క్యాంపులో దానికి ఒక రూమ్మేట్ ఉండేది. కొండ రాష్ట్రం నుంచి వచ్చిన అమ్మాయి, డిస్కస్ వేస్తుంది. మా పిల్లకి హిందీ నేర్పిందీ, మొదటి చలికాలంలో తన స్వెట్టర్ ఇచ్చిందీ ఆ అమ్మాయే. అక్కడ ఒక సహాయ కోచ్ తనతో తప్పుగా ప్రవర్తించాడని ఆ అమ్మాయి పైవాళ్ళకి రాసిచ్చింది. రాసిచ్చిన పదిహేను రోజులకి టీములోంచి పేరు తీసేశారు. మోకాలి గాయం అని నోటీసు బోర్డులో పెట్టారు. ఆ అమ్మాయి మోకాలు శుభ్రంగా ఉంది. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ కోచ్ మాత్రం క్యాంపులోనే ఉన్నాడు.

"నాకు మెడల్ వస్తే స్టాండు మీద తన సంగతి చెప్దామనుకుంటున్నా మేడం. అక్కడైతేనే అందరూ చూస్తారు. ఇక్కడ ఎంతమందికి చెప్పినా వినట్లేదు."

"అలా చెయ్యకూడదని రూల్ ఉంది కదా?"

"ఉంది. సంతకం కూడా పెట్టించుకున్నారు."

పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేశాను. నేనేం చెప్పానో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ముందు ఆట చూసుకో. మెడల్ తెచ్చుకుని, ఉద్యోగం తెచ్చుకుని, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డాక ఏం మాట్లాడినా చెల్లుతుంది. ఇప్పుడు నోరు విప్పితే నిన్నూ ఇంటికి పంపేస్తారు," అన్నాను.

 "సరే మేడం," అంది. మనసొప్పి అనలేదని ఆ గొంతులో తెలుస్తూనే ఉంది.

మావయ్యగారు హాల్లోంచి అంతా విన్నారు. కాఫీ అందుకుంటూ, "బాగా చెప్పావమ్మాయ్," అన్నారు. అని తన మనసులో ఉన్నది కూడా చెప్పారు. ఆయన అంపైరుగా ఉన్న రోజుల్లో ఒక ఊళ్ళో ఏటా వాలీబాల్ టోర్నమెంటు జరిగేది. ఆ ఊళ్ళో రెండు పార్టీలు. పెళ్ళిళ్ళకి కూడా ఒకళ్ళ గడప ఒకళ్ళు తొక్కేవాళ్ళు కాదు. ఆ మూడు రోజులు మాత్రం అందరూ ఒకే గ్రౌండు చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు. ఒక ఏడు ఫైనల్ గెలిచిన జట్టు మెళ్ళో పార్టీ కండువాలు వేసుకుని కప్పు అందుకుంది. రెండో వైపు వాళ్ళు కుర్చీలు విసిరారు. తలలు పగిలాయి. ఆ తర్వాత ఆ ఊళ్ళో నెట్ కట్టలేదు.

"అందరూ కలిసి కూర్చోడానికి ఆ ఊరికి ఆ ఒక్క చోటే ఉండేది. దాన్నీ పోగొట్టుకున్నారు," అన్నారు ఆయన. "అందుకే చెప్తున్నా. ఎవరి బాధ ఎంత నిజమైనా గీత లోపలికి తేకూడదు."

నాకు ఆ మాట కాదనబుద్ధి కాలేదు. కానీ నేను పిల్లని వద్దన్నది ఆ గ్రౌండ్ గురించి ఆలోచించి కాదు. భయపడి వద్దన్నాను. ఆ తేడా ఆయనకి అప్పుడు చెప్పలేదు.

పోటీ మన టైము ప్రకారం మధ్యాహ్నం మూడింటికి. తోటలో కోత మంచి ఊపులో ఉంది. టీవీలో ఇవ్వడం లేదు, ఫోన్లో మాత్రమే వస్తుందన్నారు. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా ఉండదని, తోట షెడ్డు దగ్గర ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి దానికి ఫోన్ ఆనించాను. పని ఆపేసి ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. పిల్ల తల్లి అందరికంటే ముందు గొంతుక్కూర్చుంది, చేతికి ఇంకా సొన అంటుకునే ఉంది. తండ్రి కూర్చోలేక షెడ్డు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మావయ్యగారికి ప్లాస్టిక్ కుర్చీ వేశాం.

బొమ్మ ఆగి ఆగి వచ్చింది. మా పిల్ల మూడో త్రో వేస్తుంటే చెయ్యి వెనక్కి తీసిన దగ్గర స్క్రీన్ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి, త్రో చెల్లిందని తెల్లజెండా లేచి ఉంది. ఆ త్రోతోనే మూడో స్థానం. ఆఖరిదాకా వెనకున్నవాళ్ళెవరూ దాన్ని దాటలేదు. కాంస్య పతకం అని నేను చెప్పగానే తల్లి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళు ఆమె వీపు మీద చరుస్తున్నారు.  మావయ్యగారు చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి ఊగుతూ కూర్చున్నారు.

పతకాలు ఇచ్చే వేళకి మళ్ళీ అందరం దగ్గరికి జరిగాం. మెడలో పతకం వేశాక ముగ్గురమ్మాయిలూ చేతులూపారు. మా పిల్ల కుడిచెయ్యి ఊపింది. తర్వాత ఎడమ అరచెయ్యి గుండెల దాకా ఎత్తి, వేళ్ళు విప్పి, కెమెరా వైపు అలాగే పట్టుకుంది. చేతి మీద నీలం పెన్నుతో ఏదో రాసి ఉంది. కెమెరా దగ్గరికి వెళ్ళింది. అవి తెలుగు అక్షరాలు.

"ఏం రాసుకుందమ్మగారూ? చదవండి," అంది పిల్ల తల్లి. తనకి చదువు రాదు.

నేను చదివాను. "తనూ ఇక్కడ ఉండాల్సింది."

"తనంటే ఎవరండీ?"

ఎవరో చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలాగే చెప్పాను.  వాళ్ళలో పెద్దావిడ ఒకామె, "మంచి పనే చేసింది," అని లేచి వెళ్ళి తన ట్రే ముందు కూర్చుంది. మిగతావాళ్ళూ లేచారు. తల్లి మాత్రం అక్కడే కూర్చుండిపోయింది. మావయ్యగారు కర్ర తీసుకుని ఇంటి వైపు నడిచారు.

అక్కడున్న అధికారుల్లో ఎవరికీ తెలుగు రాదు. పిల్ల దేవుడి పేరు రాసుకుందనుకున్నారట. సాయంత్రానికి మన చానళ్ళు ఆ చెయ్యి పెద్దది చేసి చూపించాయి. మర్నాటికి దేశమంతా తెలిసింది. ఫెడరేషన్ వాళ్ళు పిల్లకి నోటీసు ఇచ్చారు. జవాబు వచ్చేదాకా క్యాంపులో అడుగు పెట్టొద్దన్నారు. మా వైపు సన్మానం పెడతామన్న పెద్దలు ఫోన్ ఎత్తడం మానేశారు. నూజివీడు సెంటర్లో ఫ్లెక్సీ ఎవరు దింపారో తెలీదు గానీ వారం తిరక్కుండానే ఆ స్తంభాల మీద కోచింగ్ సెంటర్ వాళ్ళది కట్టేశారు.

ఇంట్లో మావయ్యగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు పొద్దున్నే తెల్ల పంచె ఇస్త్రీ చేయించుకుని వచ్చి మా ఆయనతో, "కారు తియ్యరా, గన్నవరం వెళ్ళాలి," అన్నారు.

"ఎందుకు నాన్నా?"

"పిల్ల వస్తోందిగా. సన్మానం లేకపోతే మాత్రం ఇంటికి తీసుకురావడానికి మనుషులు కూడా లేరా?"

పిల్ల తల్లిదండ్రులనీ ఎక్కించుకుని వెళ్ళాం. ఎయిర్‌పోర్టు బయటికి పిల్ల బ్యాగు ఈడ్చుకుంటూ ఒక్కతే వచ్చింది. మమ్మల్ని చూసి ఆగింది. తల్లి వెళ్ళి పట్టుకుంది. తండ్రి బ్యాగు అందుకున్నాడు. మావయ్యగారు దగ్గరికి వెళ్ళి, అలవాటుగా భుజం ఎముక నొక్కి చూశారు.

"నువ్వు చేసిన పని నాకు నచ్చలేదు," అన్నారు. "ఆకలేస్తోందా?"

"వేస్తోందండీ," అంది పిల్ల. అప్పుడు ఏడ్చింది.

దార్లో ఒక హోటల్ దగ్గర ఆగి ఇడ్లీలు తిన్నాం. అక్కడే వాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. మావయ్యగారు ఆ ఊరి టోర్నమెంటు కథ మళ్ళీ మొత్తం చెప్పారు. పిల్ల ఓపిగ్గా విన్నది.

"తాతయ్యగారూ, అక్కడ గొడవైంది కండువాల వల్లండీ. నాది కండువా కాదు. నా పక్క మంచం అమ్మాయి. తనని పంపించేసింది ఆటలో వాళ్ళే కదండీ. మరి ఆటలో చెప్పక ఎక్కడ చెప్పాలి?"

"నీది నిజమే అనుకో. రేపు ఇంకోడు వచ్చి నాదీ న్యాయమే అంటాడు. ఎల్లుండి ఇంకో దేశం వాడు ఇంకొకటి అంటాడు. నీకు తెరిచిన గేటు వాళ్ళకి మూస్తావా? ఏది న్యాయమో అక్కడ ఎవరు తేలుస్తారు?"

పిల్ల ఇడ్లీ ముక్క చట్నీలో తిప్పుతూ ఆలోచించింది. "అది నాకు తెలీదండీ," అంది చివరికి. "కానీ తను లేకుండా ఆ మెట్టు మీద ఏమీ జరగనట్టు నిలబడటం నావల్ల కాలేదు."

మావయ్యగారు తన ప్లేట్లోంచి ఒక ఇడ్లీ తీసి పిల్ల ప్లేట్లో వేశారు. ఆ రోజుకి వాదన అక్కడితో ఆగింది.

కారెక్కేముందు నేను పిల్లని పక్కకి పిలిచి, ఇంగ్లీషులో కాకుండా తెలుగులో ఎందుకు రాశావని అడిగాను.

"ఇంగ్లీషైతే ఎక్కే ముందే తుడిపించేస్తారు మేడం," అంది. మళ్ళీ, "మీరు చూస్తుంటారని తెలుసు. మీరు వద్దన్నారు కదా. ముందు మీకు చెప్పాలనిపించింది," అంది.

నోటీసుకి జవాబు రాయడానికి ఆ ఆదివారం వరండాలో కూర్చున్నాం. మావయ్యగారు చెప్తుంటే నేను రాయాలి. ఆయన ఇంగ్లీషు పాతకాలంది, గట్టిది. మొదటి వాక్యం చెప్పి నా వైపు చూశారు. నేను పెన్ను కదపలేదు.

"ఏంటమ్మాయ్?"

అప్పుడు చెప్పాను. పాతికేళ్ళ కాపురంలో ఎవరికీ చెప్పని సంగతి. నేను రాష్ట్రానికి ఖోఖో ఆడే రోజుల్లో మా జట్టులో నాకు చాలా దగ్గరి అమ్మాయి ఒకతి ఉండేది. పోల్ దగ్గర మా ఇద్దరి జోడీకి పేరు. ఒక టోర్నమెంటు మధ్యలో ఆ అమ్మాయి ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ అమ్మాయికి ఇంటి మీద బెంగ అన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు. ఎవరి వల్ల వెళ్ళిపోయిందో నాకు చెప్పే వెళ్ళింది. నేను తలూపి, మర్నాడు ఫైనల్ ఆడాను. ఆ సర్టిఫికెట్‌తోనే నాకు ఈ ఉద్యోగం వచ్చింది.

మావయ్యగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?" అన్నారు.

"తెలీదు మావయ్యగారూ. పెళ్ళైందని విన్నాను. తర్వాత నేనూ కనుక్కోలేదు."

ఆయన నన్ను ఓదార్చలేదు, తప్పనీ అనలేదు.  తర్వాత, "ఆ మొదటి వాక్యం వదిలెయ్," అన్నారు. అది క్షమాపణ కోరే వాక్యం. "రూలు తప్పింది నిజం, దానికి శిక్ష వేస్తే పడతానని రాయి. కానీ రాసింది అబద్ధం కాదు కాబట్టి మాట వెనక్కి తీసుకోనని రాయి. ఆ కోచ్ మీద వచ్చిన కాగితం ఏమైందో చెప్పమని కూడా రాయి."

"మీరే కదా నచ్చలేదన్నారు."

"ఇప్పటికీ నచ్చలేదు. అయితే మాత్రం పిల్లని ఒంటరిగా వదిలేస్తామా?"

పిల్లని ఆరు నెలలు ఆటకి దూరం పెట్టారు. ఆ ఆరు నెలలూ మా స్కూలు గ్రౌండులో పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు చేసింది. నా డ్రిల్ పీరియడ్లలో చిన్నపిల్లలకి పరుగు నేర్పింది. సాయంత్రాలు మావయ్యగారు గ్రౌండుకి వచ్చి టేపు రెండో చివర పట్టుకునేవారు. ఫెడరేషన్ వాళ్ళు ఏదో కమిటీ వేశారు. ఆ కమిటీ ఏం తేల్చిందో పూర్తిగా ఎవరూ చెప్పలేదు గానీ ఆ సహాయ కోచ్‌ని క్యాంపు నుంచి తీసేశారు. పిల్ల చెయ్యి ఎత్తినందుకా, ఆ అమ్మాయి ఫిర్యాదు మీద అప్పటికే నడుస్తున్న విచారణ వల్లనా అన్నది నాకు తెలీదు. మావయ్యగారు రెండోదే అంటారు. పిల్ల నవ్వి ఊరుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ క్యాంపుకి వెళ్ళింది. దూరం పెట్టిన ఆరు నెలల్లో ఒక పెద్ద పోటీ పోయింది. అది తిరిగి రాలేదు. దాని గురించి పిల్ల బాధపడటం నేను చూశాను, కాబట్టి ఏమీ పోలేదని రాయలేను.

పోయిన వేసవిలో పిల్ల సెలవుకి వస్తూ తన రూమ్మేట్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఆ అమ్మాయి కూడా మళ్ళీ క్యాంపులో చేరిందట. పొట్టిగా, దిట్టంగా, ముఖం నిండా నవ్వుతో ఉంది. నూజివీడులో బస్సు దిగి ఆటోలో వచ్చారు. పిల్ల తల్లి ఆ అమ్మాయిని చూస్తూనే దగ్గరికి తీసుకుని తల నిమిరింది. ఇద్దరికీ ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు.

మధ్యాహ్నం మావయ్యగారు బుట్టలోంచి బాగా పండిన రసం మామిడి ఒకటి ఏరి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి చాకు కోసం చుట్టూ చూసింది. ఆయన తల అడ్డంగా ఊపి, ఇంకో పండు తీసుకుని, రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచిక తీసి, మొదట వచ్చే సొన చుక్క పిండేసి, నోటికి ఆనించి చూపించారు. ఆ అమ్మాయి అలాగే చేసింది. సగం రసం గడ్డం మీంచి మోచేతి దాకా కారింది. పిల్ల పడీపడీ నవ్వింది.

"నీకు మొదట్లో ఇంతకంటే వచ్చిందా ఏంటి?" అని మావయ్యగారు దాన్ని కసిరి, ఆ అమ్మాయికి ఇంకో పండు అందించారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, డిస్కస్‌కి అడుగులు ఎన్ని వేస్తారో కనుక్కో. ఎలా తిరుగుతారో చూపించమను, తిన్నాక," అన్నారు.

ఆ అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చి, షెడ్డు ముందు చదునుగా ఉన్న చోట, చేతిలో ఏమీ లేకుండానే తిరిగి చూపించింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పాదాల వైపే చూస్తూ, ఇంకోసారి, ఇంకోసారి అని వేలు తిప్పుతున్నారు.